మేస్త్రిగారి ముక్కు

“ఒక్క నెలే కదా అత్తయ్యా” అంది కోడలు, పిల్ల గౌన్లు మడతపెట్టి సూట్‌కేసులో సర్దుతూ.

“నెలకి ఇన్ని గౌన్లా?” అన్నాను.

గౌన్ల మీద పిల్ల చలికోటు కూడా పెట్టింది. చలి రావడానికి ఇంకా మూడు నెలలుంది. ఆ మాత్రం లెక్క తెలియకపోవడానికి నేనేం చంటిపిల్లనా?

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర. పదకొండింటికి కోడలి అక్క కారు తీసుకొని వస్తుంది. ఈలోగా నేనేదో ఒకటి చేయాలి. లేకపోతే నా మనవరాలు ఈ ఇంట్లోంచి వెళ్ళిపోతుంది, మళ్ళీ వస్తుందన్న నమ్మకం నాకు లేదు.

“వాడేడి? పెళ్ళాం పెట్టె సర్దుతుంటే చూస్తూ ఊరుకున్నాడా?”

“లిఫ్టు ఆగిపోయిందట. ఎవరో ఇరుక్కుపోయారట” అంది.

మా వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. ఇంట్లో గొడవ మొదలయ్యే సూచన కనబడితే చాలు, ఊళ్ళో ఏదో ఒక లిఫ్టు ఆగిపోతుంది. పాపం, వాడు వెళ్ళి ఎవరినో బయటికి తీస్తాడు. ఇక్కడ ఇరుక్కుపోయిన తల్లిని తీసే నాథుడు లేడు.

పక్కగదిలో పిల్ల దగ్గింది. పొడి దగ్గు, ఒకదాని వెంట ఒకటి, ఐదారు. కోడలు చేతిలో గౌను అలాగే పట్టుకొని ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను. దగ్గు ఆగాక ఇద్దరం మళ్ళీ పనిలో పడ్డాం. ఆవిడ సర్దడంలో, నేను గొణగడంలో.

కోడలు సిటీ బస్సు నడుపుతుంది. రోజుకి ఎనిమిది గంటలు పొగలో, దుమ్ములో, హారన్ల మోతలో ఉంటుంది. అక్కడ ఆవిడకి తుమ్ము కూడా రాదు. ఇంటికొచ్చి తన గదిలో గంటసేపు నడుం వాల్చిందంటే చాలు, తలనొప్పి, కళ్ళమంట, గొంతు గరగర. పిల్లకైతే దగ్గు, ఆయాసం. రెండున్నర నెలలుగా ఇదే వరస. పోయిన వారం అక్కగారింట్లో మూడు రోజులుంటే తల్లీకూతుళ్ళిద్దరూ నిక్షేపంగా ఉన్నారు.

దాంతో వాళ్ళక్క తేల్చేసింది. “జబ్బు నీకు కాదే, ఆ ఇంటికి” అందట. ఇల్లంటే ఏమిటి? గోడలా? నేనే!

నా నోరు మంచిది కాదని నాకూ తెలుసు. కానీ నా నోటికి తిట్టే శక్తి ఉందిగానీ దగ్గు తెప్పించే శక్తి లేదు. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, దాచుకోవడం నా వల్ల కాదు. కోడలు నటిస్తోందని నేనూ అనుకున్నాను. బస్సు పొగలో రాని తలనొప్పి అత్తగారింట్లో ఎందుకొస్తుంది? వేరు కాపురం పెట్టించడానికి కాకపోతే?

అందుకే నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్తుంటే పట్టుబట్టి నేనూ వెళ్ళాను. ఆవిడ పిల్ల వీపు మీద గొట్టం పెట్టి విని, పీల్చే మందు రాసిచ్చి, కోడలి వైపు తిరిగింది.

“మీకు ఎక్కడ బాగుంటుంది? ఎక్కడ బాగుండదు?”

“బస్సులో బాగుంటుందండీ. ఇంట్లో బాగుండదు.”

నాకు తల కొట్టేసినట్టయింది.

“మీ గదిలోకి ఈ మూడు నెలల్లో కొత్తగా ఏమొచ్చింది?” అని అడిగింది డాక్టరమ్మ.

“ఏమీ రాలేదండీ, నేను పాతదాన్నే” అన్నాను.

ఆవిడ ఫక్కున నవ్వింది. “మిమ్మల్ని కాదండీ. రంగులు, కొత్త సామాను, పరుపులు, స్ప్రేలు... ఇంట్లో గాలిని పాడుచేసేవి చాలావరకు కంటికి కనపడవు. ఒక్కోసారి చూడ్డానికి అందంగా కూడా ఉంటాయి. మీరు రోజూ ఆ గాలిలోనే ఉంటారు కాబట్టి మీ ముక్కుకి అలవాటైపోతుంది. ఓ అరగంట బయట గాలికి కూర్చుని, తిన్నగా ఆ గదిలోకి వెళ్ళి చూడండి. ముక్కు నిజం చెప్పేది మొదటి రెండు మూడు పీల్పుల్లోనే.”

నిన్నంతా ఆ మాట నాకు ఎక్కలేదు. నా ఇంటి గాలికి వంక పెట్టడమేమిటని ఒళ్ళు మండింది. కానీ చలికోటు పెట్టెలోకి వెళ్ళడం చూశాక మండడానికి ఒంట్లో ఏమీ మిగల్లేదు. లేచి చెప్పులేసుకున్నాను.

“ఎక్కడికండీ?” అంది కోడలు.

“గాలి తినడానికి” అన్నాను.

కింద, మా మెట్ల మొదట్లో కూర్చున్నాను. మా వీధిలో పైపుల కోసం మూడు నెలల కిందట రోడ్డు తవ్వి, మట్టి గుట్టలు పోసి, అలాగే వదిలేశారు. పిల్ల దగ్గుతోందంటే ఎవరైనా ఆ దుమ్మే కారణమనుకుంటారు. నేనూ అలాగే అనుకొని వాళ్ళ గది కిటికీలు రెండూ మూసేసి, సందులన్నిటికీ వెడల్పాటి టేపు అంటించాను. దగ్గు తగ్గలేదు. రెండో వరస అంటించాను. అయినా తగ్గకపోతే గదిలో గాలి బాగుండాలని గులాబీ వాసన స్ప్రే తెచ్చి పొద్దునా సాయంత్రం కొట్టాను. నా అంత శ్రద్ధగా చూసుకునే నానమ్మ ఇంకెవరుంటారు చెప్పండి!

అరగంట లెక్కపెట్టుకొని పైకి వెళ్ళి, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. మొదట గులాబీ తగిలింది. గులాబీ కింద ఇంకేదో ఉంది. పరుపు మీద వంగి చూశాను, కాదు. కర్టెను, కాదు. మా ఆయన చేసిన కొత్త అల్మారా తలుపు తెరిచి తల లోపల పెట్టి పీల్చాను.

కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. వార్నిష్, థిన్నర్, పచ్చి జిగురు.

నాకది కొత్త వాసన కాదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా మా ఆయన చొక్కాల్లో, జుట్టులో, చేతుల్లో ఉన్న వాసనే. పెళ్ళయిన కొత్తలో దానికి నాకు తల తిరిగేది. తర్వాత తర్వాత అదే ఆయన వాసన అనుకున్నాను. సాయంత్రం మెట్ల మీద ఆ వాసన తగిలితే మనిషి క్షేమంగా వచ్చాడని గుండె కుదుటపడేది. ఇన్నేళ్ళు ఇష్టంగా పీల్చిన వాసన ఇప్పుడు నా మనవరాలి ఊపిరికి అడ్డం పడుతోందంటే నమ్మడానికి మనసు రాలేదు. ఇంకోసారి తల పెట్టి చూశాను. దగ్గొచ్చింది.

మా ఆయన హాల్లో పేపరు చదువుతున్నారు. ఫర్నిచర్‌కి పాలిష్ పెట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆయన పాలిష్ పెట్టిన బల్ల మీదికి వంగి జడ వేసుకోవచ్చని పేరు. అందుకే అందరూ అద్దం మేస్త్రి అంటారు. రెండున్నర నెలల కిందట షాపు ఖాళీ చేశారు. ఖాళీ చేసే ముందు మనవరాలి కోసం నేల నుంచి కప్పు దాకా ఈ అల్మారా చేసి తెచ్చారు.

“ఏమండీ, ఆ అల్మారా ఆరలేదు.”

పేపరు కిందికి దిగింది. “ఏమన్నావ్?”

“లోపల పచ్చి వాసన కొడుతోంది. పిల్ల దగ్గు దాని వల్లే. కోడలి తలనొప్పీ దాని వల్లే.”

“నేను చేసింది ఆరలేదా?” ఆయన లేచి నిలబడ్డారు. “నలభై ఏళ్ళు చేశానే పని! అద్దం మేస్త్రి పచ్చి సరుకు పంపాడన్న మగాణ్ణి ఒక్కణ్ణి, ఒక్కణ్ణి తెచ్చి నా ముందు నిలబెట్టు!”

“మగాడెందుకు, ఆడదాన్ని నేను నిలబడ్డాను కదా.”

“నీకేం తెలుసు? తలుపులు మూసి రోజంతా ఉంచాను. మర్నాడు తెరిచి తల పెట్టి చూశాను. ఇసుమంత వాసన లేదు.”

అది ఆయన పని పద్ధతి. పూత పూర్తయ్యాక అల్మారా మూసి ఒక రోజు వదిలేస్తారు. మర్నాడు తెరిచి, తల లోపల పెట్టి, గుండెల నిండా పీలుస్తారు. వాసన తగిలిందా, ఆ సరుకు షాపు దాటదు. కొన్నవాడు గుమ్మంలో కూర్చొని ఏడ్చినా దాటదు. అలా వెనక్కి వెళ్ళినవాళ్ళ తిట్లు నేనూ విన్నాను. అందుకే ఆయన ఆ మాట అనగానే నా నోరు మూతపడింది.

కోడలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. “పోనీండి అత్తయ్యా. మామయ్య చూశారంటున్నారు కదా. నా ఒంట్లోనే ఏదో ఉంది.”

ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. అలసట తప్ప ఏమీ లేదు.

“తాతకి వాసన తెలీదుగా” అంది పిల్ల, రంగు పెన్సిళ్ళ డబ్బా పట్టుకొని వచ్చి. ఆరేళ్ళది, పిచ్చుక అని పిలుస్తాం. ఎక్కడ మాట వినబడితే అక్కడ వాలుతుంది.

“అదేం మాటే?” అంది వాళ్ళమ్మ.

“నిజం. కళ్ళు మూసి వాసన చెప్పే ఆటలో ఎప్పుడూ తాతే ఓడిపోతాడు. నారింజ తొక్క పెడితే సబ్బు అంటాడు. సబ్బు పెడితే నారింజ అంటాడు. నిన్న ఉల్లిపాయ కోసి పెట్టా.”

“ఏమన్నాడు?”

“గులాబీ పువ్వన్నాడు!” అని పిచ్చుక కిలకిల నవ్వింది.

ఆ ఆట మేమూ చూశాం. పిల్లని నవ్వించడానికి ఆయన కావాలని ఓడిపోతున్నారనుకొని మేమూ పగలబడి నవ్వేవాళ్ళం. ఇప్పుడు నవ్వింది పిచ్చుక ఒక్కతే.

ఆయన పేపరు మడతపెట్టారు. ఇంకో మడత పెట్టారు. ఇంకోటి. ఇక మడత పడనంత చిన్నదయ్యాక కుర్చీలో కూర్చున్నారు.

“ఏడేళ్ళయింది” అన్నారు.

“ఏమిటి ఏడేళ్ళు?”

“ముక్కు పోయి. థిన్నర్ తినేసింది. ముందు కొంచెం కొంచెంగా పోయింది, తర్వాత మొత్తం పోయింది.”

పక్కలో పడుకునే మనిషికి ముక్కు పనిచేయడం లేదని ఏడేళ్ళు తెలియకపోవడం ఎలాంటి కాపురమో నాకర్థం కాలేదు.

“మరి ఇన్నాళ్ళూ ఎలా చేశారు మామయ్యా?” అని కోడలు మెల్లగా అడిగింది.

“రోజులు లెక్కపెట్టేవాణ్ణమ్మా. ముక్కు లేకపోతే ఏం, ముప్ఫై రోజులు గాలికి పెడితే ఏ సరుకైనా ఆరుతుంది. తల పెట్టి చూడడం ఊరికే, జనం కోసం. మేస్త్రి తల పెట్టకపోతే కొనేవాడికి నమ్మకం ఉండదు. చివర్లో షాపు ఖాళీ చేయమని తొందరపెట్టారు. ముప్ఫై రోజులు ఎక్కడివి? పన్నెండే దొరికాయి. తల పెట్టి చూశాను, ఏమీ తెలియలేదు. ఏమీ తెలియలేదంటే ఆరినట్టే అనుకున్నాను.” ఆయన మనవరాలి వైపు చూడలేకపోయారు. “నాకు తెలియదన్న సంగతి నాకు తెలుసు కదా. అయినా అలా అనుకున్నాను. పిల్లకి నా చేత్తో ఒకటి చేసివ్వాలన్న ఆశ.”

నాకు హఠాత్తుగా ఒకటి వెలిగింది.

“వాసన తెలియకపోతే రుచి కూడా సరిగా తెలియదంటారు. అయితే ఏడేళ్ళుగా నా వంట బ్రహ్మాండం, బ్రహ్మాండం అంటున్నారే, అది?”

ఆయన బిక్కచచ్చిపోయారు. “ఉప్పు తెలుస్తుంది. కారం తెలుస్తుంది. మిగతాది... అలవాటు కొద్దీ.”

“అలవాటు కొద్దీనా!”

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని కంగారుపడ్డాను. చెయ్యి తీస్తే నవ్వు. రెండున్నర నెలల తర్వాత ఆవిడ మొహంలో నవ్వు చూశాను. నవ్వీ నవ్వీ గోడకి చేరబడిపోయింది. ఆవిణ్ణి చూసి నాకూ ఆగలేదు. పాపం మా ఆయన, నవ్వాలో వద్దో తెలియక పేపరు మడతలు విప్పడం మొదలుపెట్టారు.

నవ్వు తగ్గాక ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. “నువ్వు నటిస్తున్నావనుకున్నానే అమ్మాయ్. తప్పు నాది.”

“తెలుసు అత్తయ్యా.”

“తెలుసా?”

“పక్కింటావిడతో ఫోన్లో చెప్తుంటే విన్నా. మీరు ఫోన్లో మాట్లాడితే మా బస్‌స్టాపు దాకా వినిపిస్తుంది.”

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆవిడ నా చెయ్యి వదల్లేదు. అదే పదివేలు. కోడలు అక్కకి ఫోన్ చేసి, “రావద్దే. జబ్బెవరిదో తెలిసింది. కాదే, అత్తయ్యది కాదు” అంది. అవతల ఆవిడ ఇంకేదో అడుగుతుంటే పెట్టేసింది.

తర్వాత ఇల్లంతా పండగలా తయారైంది. నేను కిటికీల టేపు లాగాను. రెండో వరస అంటించిన నా తెలివికి గోళ్ళు రెండు విరిగాయి. కిటికీలు తెరుచుకోగానే గాలి ఒక్కసారి గదిలోకి దూసుకొచ్చి కర్టెన్లు లేపింది. పిచ్చుక వాటి కింద దూరి గెంతులేసింది. గులాబీ స్ప్రే డబ్బాని నేనే చెత్తలో పడేశాను. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, అల్మారా బయట పెట్టమని, కొన్నాళ్ళు తల్లీపిల్లా హాల్లో పడుకోమని, మందు మాత్రం మానొద్దని చెప్పింది.

మా ఆయన స్క్రూడ్రైవర్ తీసుకొని అల్మారా విప్పడం మొదలుపెట్టారు. నేను జాలిపడబోయాను గానీ, ఆయనలో ఏదో బరువు దిగినట్టుంది. తలుపులు, అరలు ఒక్కొక్కటే ఊడదీసి అందిస్తుంటే కోడలు బాల్కనీలో గోడకి చేరేసింది.

“ఇది చెక్క కాదా మామయ్యా?” అంది, ఒక పలక అంచు చూస్తూ.

“రంపపు పొట్టు, జిగురు కలిపి నొక్కి చేసిన బోర్డమ్మా. పైన పల్చటి చెక్క అతికించాను. ఆ జిగురుకీ వాసనుంటుంది. నేను లోపల కూడా మూడు పూతలు వేశాను, నున్నగా ఉంటుందని. మొత్తం పన్నెండు బోర్డులు తెప్పించా. దీనికి పట్టింది ఐదు.”

“మిగతా ఏడు?”

స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

“మిగతా ఏడు ఏం చేశారు మామయ్యా?”

“మీ డిపో పక్కన” అని ఆయన మాట మింగారు. “చంటిపిల్లల్ని చూసుకునే చోటుంది కదా. బొమ్మలు పెట్టుకోడానికి నాలుగు చిన్న అల్మారాలు. అదే బోర్డు, అదే పూత. అవి పంపినప్పుడు పదిరోజులు కూడా కాలేదు.”

కోడలి మొహం పాలిపోయింది. “మా కండక్టరక్క తన చంటాణ్ణి అక్కడే వదులుతుంది. నెల్లాళ్ళుగా వాడికి కళ్ళు ఎర్రబడుతున్నాయంటోంది. పళ్ళొస్తున్నాయేమో అనుకుంటోంది పాపం. ఆ గదికి ఏసీ ఉంది. తలుపులన్నీ మూసే ఉంచుతారు.”

నేను మంచిదాన్నని మీరనుకుంటే ఇక్కడ ఆపేయండి. నాకు ముందు గుర్తొచ్చింది ఆ చంటాడు కాదు, ఆయన పేరు. నలభై ఏళ్ళ పేరు. “ఎందుకండీ ఇదంతా చెప్పడం?” అన్నాను. “గాలి ఆడాలి, కిటికీలు తెరిచి ఉంచండని మంచిమాటగా చెప్తే సరిపోదూ? మీ ముక్కు సంగతి ఊరందరికీ ఎందుకు?”

కోడలు పిల్ల మందు డబ్బా వైపు చూసింది, అంతే. ఆ చూపు ఆయనా చూశారు.

ఆయన చొక్కాకి చేతులు తుడుచుకొని ఫోన్ తీశారు. ఈరోజు ఆదివారమన్నాను. బస్సులకి ఆదివారం ఉండదు కాబట్టి ఆ చంటిపిల్లలకీ ఉండదంది కోడలు. ఆయన కళ్ళకి నంబరు కనబడకపోతే ఆవిడే నొక్కి, స్పీకర్ పెట్టింది.

“మేస్త్రిగారూ!” పిల్లల్ని చూసుకునే ఆవిడ గొంతు ఇల్లంతా మోగింది. “నూరేళ్ళాయుష్షు మీకు! మేమే ఫోన్ చేద్దామనుకుంటున్నాం. మీ అల్మారాలు ఎంత బాగున్నాయో! వచ్చిన తల్లులందరూ అడుగుతున్నారు ఎవరు చేశారని. ఇంకో రెండు కావాలి, షాపు మూసేశానని మాత్రం అనకండి.”

నేను ఆయన్ని కళ్ళతోనే బతిమాలాను, చెప్పొద్దని. కోడలు ఆయన పక్కన, ఆయన భుజానికి తన భుజం తగిలేలా నిలబడింది.

“మేస్త్రిగారూ, ఉన్నారా?”

“ఉన్నానమ్మా. ముందు నేను చెప్పేది వినండి. నాకు ఏడేళ్ళుగా వాసన తెలీదు. ఆ అల్మారాలు ఆరాయో లేదో చూడకుండా పంపాను.”

ఈసారి ఆవిడ గొంతు బాగా తగ్గిపోయింది.

“మాకు మొదటిరోజు నుంచీ వాసన వస్తూనే ఉందండీ. అద్దం మేస్త్రి పని కదా, ఆయన చూడకుండా పంపుతారా అని... మేమే తలుపులేసుకుని కూర్చున్నాం.”

ఆయన కళ్ళు మూసుకున్నారు.

“పిల్లల్ని బయటికి తీసుకురండమ్మా” అన్నారు. “వస్తున్నాను.”